మూడో అంతస్తులో నీళ్లమనిషి

మా ఆఫీసు నుంచి ఏటా డిసెంబరులో ఒక పట్టిక పైఆఫీసుకు వెళ్లేది. దాని పేరు చదవడానికి మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి: 'వేసవి కాలమున కార్యాలయపు కిటికీలకు కట్టు వట్టివేళ్ల తడకలను తడుపుటకు కావలసిన తాత్కాలిక నీళ్లమనుషుల వివరముల పట్టిక'. నేను సూపరింటెండెంటుగా ఆ సెక్షన్‌కి వచ్చేనాటికి మాకు తడకలు లేవు. ఆ మాటకొస్తే కిటికీలూ లేవు. ఎల్బీనగర్ చౌరస్తాకు కాస్త లోపలగా ఒక అద్దె భవనం మూడో అంతస్తులో ఉండేవాళ్లం. ముందు గోడంతా అద్దం. ఏసీ చల్లదనం బయటికి పోకుండా ఆ అద్దాల అంచులన్నీ జిగురు పెట్టి మూసేశారు. గాలి కావలసినవాళ్లు మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్లి రావలసిందే.

వెనకటికి ఆఫీసు పాత బంగళాలో ఉన్నప్పుడు ఎండాకాలం కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టేవారట. ఒక మనిషి రోజంతా వాటి మీద నీళ్లు చల్లుతుంటే లోపలికి చల్లగాలీ, తడిమట్టి లాంటి వాసనా వచ్చేవట. తర్వాత కూలర్లు వచ్చాయి, ఆ తర్వాత ఏసీలు వచ్చాయి, బంగళా ఖాళీ చేశారు. తడకలు పోయాయి, నీళ్లమనిషి పోయాడు. పట్టిక మాత్రం మాతోపాటు లారీ ఎక్కి వచ్చింది.

ఇది ఎందుకు పంపాలని నాకు ముందున్న సూపరింటెండెంటును, ఆయన ఛార్జి అప్పగించే రోజున అడిగాను.

"పంపకపోతే రిమైండర్ వస్తుందండీ" అన్నాడాయన.

"పంపితే?"

"పంపితే రాదు."

ఇంతకంటే స్పష్టమైన సమాధానం నా సర్వీసులో నాకెవరూ ఇవ్వలేదు. కాబట్టి అన్ని గడుల్లోనూ 'నిల్' అని కొట్టి పంపేవాణ్ణి. మా దగ్గర్నుంచి పైదాకా ఆ 'నిల్' మీద ఎంతమంది సంతకాలు పెడతారో ఒకసారి ఊరికే వేళ్లు మడిచి చూశాను. ఒక చెయ్యి సరిపోలేదు. అంతమందిమి కలిసి, ఏమీ లేదని ఏటా ధ్రువీకరించేవాళ్లం.

ఒక ఏడు మా కంప్యూటర్ చచ్చిపోయింది. పాత పట్టికలన్నీ దాంతోపాటే పోయాయి. ప్రభుత్వ కార్యాలయంలో ఏ కాగితమూ కొత్తగా పుట్టదు. పాత ఫైలు తీసి, చూసి, తేదీ మార్చి కొట్టడమే పద్ధతి. నేనూ బీరువా తెరిచాను. చేతికి ముందు దొరికింది బంగళా కాలపు కార్బన్ కాపీ. భక్తిగా దాన్నే చూసి కొట్టాను, తేదీ మార్చాను, సంతకాలయ్యాయి, తపాలాలో వెళ్లిపోయింది. మర్నాడు మా కాపీని ఫైల్లో పెడుతుంటే కనబడింది. 'కావలసిన నీళ్లమనుషులు' అన్న గడిలో 'నిల్' లేదు. 'ఒకరు' అని ఉంది.

దిద్దవచ్చు. సవరణ లేఖ రాసి, మళ్లీ సంతకాలు పెట్టించి, మళ్లీ పంపాలి. అంత ఉత్సాహం లేకపోవడం ఒక కారణం. రెండోది, నిజం చెప్పాలంటే, కుతూహలం. ఇన్నేళ్లుగా పంపుతున్నాం కదా, అవతల దీన్ని చదివే మనిషి ఉన్నాడా? ఉంటే ఫోన్ చేస్తాడు. 'ఏమయ్యా, ఏసీ ఆఫీసులో తడకలేంటి, బుద్ధుందా' అని తిడతాడు. ఆ జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఫోన్ మోగినప్పుడల్లా ఆశగా ఎత్తేవాణ్ణి. తిట్టించుకోవడానికి ఎదురుచూసిన ప్రభుత్వోద్యోగులు ఎక్కువమంది ఉండరనుకుంటాను.

ఎవరూ తిట్టలేదు. మార్చి ఆఖరి వారంలో మనిషే వచ్చాడు.

నలభై దాటినవాడు. ఇస్త్రీ చొక్కా, కాళ్లకు కొత్త చెప్పులు. ఒక చేతిలో ప్లాస్టిక్ కవరులో ఆర్డరు కాగితం, ఇంకో చేతిలో మొక్కలకు నీళ్లు పోసే జల్లు మూతి డబ్బా.

"నౌకరిల జాయిన్ అయ్యెటందుకు ఒచ్చిన సార్. నీళ్లు కొట్టేది" అన్నాడు. "ఏడ కొట్టాలె?"

"ఈ డబ్బా ఏంటి?"

"ఆఫీసోళ్లు ఇస్తరో ఇయ్యరో అని మాదే తెచ్చుకున్న."

ఆర్డరు చదివాను. నాలుగు నెలలకు, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా, ఒక నీళ్లమనిషి. పైన 'సూచిక' అన్నచోట నేను పంపిన పట్టిక నంబరు, తేదీ. నేను జవాబు కోసం చూశాను, జవాబు చొక్కా తొడుక్కుని వచ్చింది. ఆయన్ని కూర్చోమని, కూర్చోడానికి ఏమీ లేదని గమనించి, కాగితం పట్టుకుని మా ఆఫీసరు గదిలోకి వెళ్లాను.

మా ఆఫీసరు భీమవరం వైపు మనిషి. మంచివాడు. ఏ మాటైనా గట్టిగా అంటే అది జరిగిపోతుందేమోనని భయపడేవాడు.

"ఏంటండీ ఇది, మనమే అడిగామా?" అన్నాడు మెల్లగా.

"పాత కాపీ చూసి కొట్టేశానండీ. పొరపాటు నాది. అక్కర్లేదని రాసేద్దాం."

"అలాక్కాదండీ. పొరపాటని రాస్తే ఎవరి పొరపాటని అడుగుతారు. కింద సంతకం నాది. పైగా వచ్చిన పోస్టుని వద్దన్న ఆఫీసుని మీరెక్కడైనా చూశారా? రేపు నిజంగా ఒక మనిషి కావలసొస్తే ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?"

"మరి తడకలు లేవు కదండీ."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేననేదీ అదే. మనిషి ఉన్నాడు, తడకలు లేవు. అంటే లోటు తడకలది. తడకలకి ఇండెంటు పెట్టండి."

పెట్టాను. తడకలు కట్టాలంటే కిటికీలుండాలి. కిటికీలు పెట్టాలంటే అద్దం కోయాలి, దానికి భవనం యజమాని ఒప్పుకోవాలి, ఇంజనీరు అంచనా వేయాలి. కిటికీ తెరిస్తే ఏసీ చల్లదనం పోతుంది కాబట్టి అదనంగా ఇంకో ఏసీ కావాలి. ఇదంతా నోట్‌ఫైలులో వరసగా రాశాను. నా సర్వీసులో నేను రాసిన వాటిలో అంత పకడ్బందీ అయినది ఇంకోటి లేదు. ఏ వాక్యాన్ని పట్టుకున్నా తప్పు దొరకదు. మొత్తం చదివితే మాత్రం ఎండాకాలం చల్లగా ఉన్న గదిని వేడి చేసి, మళ్లీ చల్లబరచడానికి అనుమతి కోరినట్టుంటుంది.

ఈలోగా నీళ్లమనిషి కూర్చున్నాడు. కుర్చీ కావాలంటే దానికీ ఇండెంటు కాబట్టి మెట్ల పక్కన జిరాక్స్ కాగితాల పెట్టె మీద కూర్చున్నాడు. ఉదయం పదిన్నరకు ఫోన్‌లో మొహం చూపించి హాజరు వేసుకునేవాడు, సాయంత్రం ఐదుకు మళ్లీ మొహం చూపించి వెళ్లేవాడు. మధ్యలో ఆ మొహంతో ఎవరికీ పనిలేదు. మూడో రోజున ఉండబట్టలేక మెట్ల మీద ఎండిపోయిన కుండీలకు నీళ్లు పోశాడు. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు. కుండీలు తమ కాంట్రాక్టులో ఉన్నాయట, ఇంకొకరు నీళ్లు పోస్తే తమ బిల్లుకు అభ్యంతరం వస్తుందట. కుండీల్లో మొక్కలు అప్పటికే చచ్చిపోయాయని చెప్పాను. "మొక్కలు వేరే బడ్జెట్ హెడ్ సార్" అన్నాడు.

ఒక మధ్యాహ్నం నీళ్లమనిషిని అడిగాను, ఇంతకు ముందు ఏం చేసేవాడివని.

"పెద్ద అంబర్‌పేట్ కాడ నర్సరీల సార్. అంట్లు కడ్త. మామిడి, జామ, నిమ్మ. నా చెయ్యి పడితే అంటు బత్కుతది. గా రోడ్డు పొంటి ఏ నర్సరీల అడిగినా నన్ను చెప్తరు."

"మరి అది వదిలేసి ఇక్కడికెందుకొచ్చావయ్యా?"

నా తెలివితేటల మీద జాలిపడ్డట్టు చూశాడు. "గిది గవర్నమెంటు గద సార్! ఇయ్యాల టెంపరరీ, రేపు పర్మినెంట్. ఏజెన్సీల మా బామ్మర్దికి ఎరుకైనాయన ఉన్నడు, గాయననే పెట్టిచ్చిండు. నర్సరీ సేటు అయితే పోవొద్దు అన్నడు. అయినా ఒచ్చిన."

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాను. ప్రభుత్వోద్యోగం కోసం చదివే పిల్లలు మా వీధిలో ఇంటికి పదిమంది. ఆయన అన్నదాంట్లో నాకు వింత ఏమీ కనబడకూడదు. కానీ అంటు కట్టడం వచ్చిన చెయ్యి మూడు వారాలుగా మోకాలి మీద ఊరికే ఉండటం చూస్తుంటే, నాకు మొదటిసారి ఆ పట్టిక నవ్వులాటగా అనిపించలేదు.

నన్ను ఎక్కువ తొలిచింది ఇంకోటి. ఇందులో దొంగ ఎవరు? వెతికాను. ఎవరూ రూపాయి తినలేదు. పైఆఫీసులో గుమాస్తా మేం అడిగింది పంపాడు. ఏజెన్సీ మనిషిని తెచ్చింది. ఆఫీసరు సంతకానికి భయపడ్డాడు. నేను చూసి కొట్టాను. దొంగ ఉంటే పట్టుకోవచ్చు, పట్టుకుంటే ఆగుతుంది. అందరం మర్యాదస్తులమే అయిన చోట ఆపేదెవరు? అదే భవనం కింది అంతస్తులో ఇంకో ఆఫీసు కౌంటర్ ఉండేది. సరూర్‌నగర్, చంపాపేట్ నుంచి సర్టిఫికెట్ల కోసం వచ్చినవాళ్లు గేటు దాకా నిలబడేవాళ్లు. కౌంటర్ వెనక ఒక్క అమ్మాయి. మూడో అంతస్తులో తొమ్మిదిమందిమి, లేనివి లేవని రాసుకుంటూ. ఆ లైన్లో నిలబడ్డవాళ్లు కొనే ప్రతి సబ్బుబిళ్ల మీది పన్నులో మా ఏసీకి కొంత ఉంది. వాళ్లను అడిగి ఉంటే తడకలకు ఒప్పుకునేవారా అని మెట్లు దిగేటప్పుడల్లా అనుకునేవాణ్ణి. అడగడానికి మాత్రం ఏ పట్టికా లేదు.

మే నెల మధ్యలో నీళ్లమనిషి భార్య వచ్చింది. ఆయన మరిచిపోయిన సద్ది డబ్బా ఇవ్వడానికి వచ్చి, మెట్ల పక్కన పెట్టె మీద మొగుణ్ణి చూసింది.

"గిదేనా నీ ఆఫీసు? అట్టడబ్బా మీద కూసునుడా?"

"జర మెల్లగ మాట్లాడు. సార్లున్నరు."

"ఉంటే ఏంది? ఇన్ని దినాల సంది ఇంటికొచ్చి నడుం నొస్తుందంటడు. ఏం మోసినవయ్యా అంటే కూసున్న అంటడు." నా వైపు తిరిగింది. "సార్, ఈయనకు ఏం పని చెప్తున్నరు మీరు?"

"తడకలు రావాలమ్మా. ఫైలు నడుస్తోంది."

"ఫైలు నడుస్తుంది, మనిషి కూసున్నడు. మంచిగుంది." కొంగుతో మొహం తుడుచుకుంది. "మృగశిర ఒస్తే మొక్కల గిరాకి సార్. గా లోపల రాకుంటే వేరేటాయనను పెట్టుకుంట అన్నడు సేటు. పదిహేనేండ్ల సంది చేస్తున్న జాగ అది. గిది పర్మినెంట్ అయితదా, కాదా? ఒక్క ముక్క చెప్పుండ్రి."

నాకు తెలుసు. ఆ ఆఫీసులో దానికి సమాధానం అందరికంటే కచ్చితంగా తెలిసినవాణ్ణి నేనే. "నేను చెప్పలేనమ్మా" అన్నాను. ఆమె డబ్బా ఆయన చేతిలో పెట్టి దిగిపోయింది.

ఆ సాయంత్రం మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాకా నిలబడే వచ్చాను. సీటు ఖాళీగానే ఉంది. ఎందుకో కూర్చోబుద్ధి కాలేదు.

చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుంటూ ఇంకో రెండు వారాలు గడిపాను. ఇంతలో పైనుంచి ఉత్తరం వచ్చింది. జిల్లాలన్నిటిలోకీ తడకల అవసరాన్ని గుర్తించిన కార్యాలయం మాదొక్కటేనట. ఈ చొరవ అభినందనీయమట. దీన్ని ప్రయోగాత్మకంగా ఏడాది పొడవునా కొనసాగించాలనీ, వచ్చే ఏడుకు నీళ్లమనుషుల సంఖ్యను మూడుకు పెంచే ప్రతిపాదనలు, బకెట్ల అంచనాతో సహా పంపాలనీ కోరారు. మా ఆఫీసరు ఉత్తరం పట్టుకుని గదిలోంచి బయటికి వచ్చి చదివాడు. ఆయన అలా బయటికి రావడం అరుదు.

"చూశారా! మన స్ట్రెంత్ పెరుగుతోందండీ. ఆ రోజు వద్దని రాసుంటే?"

మెట్ల దగ్గర పెట్టె మీంచి నీళ్లమనిషి లేచి నిలబడ్డాడు. విన్నాడు. మొహం వెలిగిపోయింది. సాయంత్రం నా టేబులు దగ్గరికి వచ్చాడు.

"సార్, ఏడాదంత అంటె ఇంక పర్మినెంటే గద? రేపు పొద్దుగాల పోయి సేటుకు చెప్పొస్త, నేను రాను, వేరేటాయనను చూసుకోమని. ఆయనను అటుఇటు గాకుండ లటకాయించుడు మంచిది గాదు."

మృగశిరకు వారం ఉంది. "చాయ్ తాగుదాం రా" అన్నాను.

చౌరస్తా దగ్గర బండి పక్కన నిలబడి మొత్తం చెప్పాను. బంగళా, కార్బన్ కాపీ, గడి, ఒకరు. తడకలు ఎప్పటికీ రావని, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు నిజంగా చదివిన రోజున పోస్టు పోతుందని, అప్పటికి నర్సరీలో జాగా ఉండదని. ఆయన చాయ్ గ్లాసు అలాగే పట్టుకుని విన్నాడు.

"అంటే నేను మీ తప్పా సార్?"

"నువ్వు కాదు. నువ్వు రావడం."

"మీకు ఎన్నడెర్కయింది?"

"డిసెంబర్లోనే."

"మరి గప్పుడే సరిచేయకపోతిరి?"

"ఎవరైనా చదువుతారేమో చూద్దామని."

"చూసిండ్రా?"

"చూశాను."

"ఏం కనవడ్డది?"

"నువ్వు కనబడ్డావు" అన్నాను.

ఆయన కోపం రోడ్డు మీద అరిచే రకం కాదు. చల్లారిన చాయ్‌ని ఒక్క గుక్కలో తాగి గ్లాసు పెట్టాడు. "మా సేటు తాన నాలుగు మొక్కలు ఎండిపోతె నన్ను నిలవెట్టి అడుగుతడు సార్. మీ తాన అడిగేటోడు ఎవ్వడు లేడా?" అన్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టేలోపు రెండు చాయ్‌లకూ డబ్బులు ఇచ్చేశాడు. మర్నాడు హాజరు వేసుకోలేదు.

పోస్టు తిరిగి ఇచ్చేస్తామని రాయడానికి కూర్చున్నాను. మనిషి కావాలని అడగడానికి మా దగ్గర మూడు రకాల ఫారాలున్నాయి. అక్కర్లేదని చెప్పడానికి ఒక్కటీ లేదు. బీరువా అంతా వెతికాను, బంగళా కాలానిదైనా దొరుకుతుందేమోనని. ఆ సాయంత్రం ఆ బీరువా ముందు నేల మీద కూర్చుని ఉండగా నాకు స్పష్టమైంది, ప్రభుత్వం ఖర్చు తగ్గించాలని ఉపన్యాసాలివ్వడం కంటే ముందు 'వద్దు' అని రాసే చోటు ఒకటి కల్పించాలని. ఏటా ప్రతి పట్టికా, ప్రతి సెక్షనూ, ప్రతి కుర్చీ, నాదీ కలిపి, తను ఎందుకుండాలో తనే చెప్పుకోవాలి. చెప్పుకోలేనిది మరుసటి ఏడుకు రాకూడదు. ఇప్పుడున్న పద్ధతిలో ఉన్నది ఉండటానికి కారణం అక్కర్లేదు, పోవడానికే ఏడుగురి సంతకాలు కావాలి.

చివరికి తెల్ల కాగితం మీద రాశాను. పొరపాటు నాదేనని, మాకు తడకలూ కిటికీలూ లేవని, నీళ్లమనిషి అవసరం లేదని, పట్టికను ఇంతటితో ఆపమని, వీలైతే ఒక మనిషిని కింది కౌంటర్‌కు ఇవ్వమని. మా ఆఫీసరు చదివి చేతులు జోడించాడు.

"నా సంతకం మాత్రం అడక్కండి. మీకు సర్వీసు చివర్లో ఇదంతా అవసరమా చెప్పండి?"

"రాబోయేవాడికి అవసరమండీ. మళ్లీ ఇంకొకణ్ణి పంపుతారు, వాడు కూడా ఏదో వదిలేసి వస్తాడు."

నా సంతకంతోనే పంపాను. అలా పంపడం నియమాలకు విరుద్ధం. నాలుగో రోజుకే సంజాయిషీ అడుగుతూ నాకు తాఖీదు వచ్చింది. పైఆఫీసు అంత వేగంగా కదలగలదని నేను ఊహించలేదు. రాసినదంతా చదివి, పేరాల వారీగా ప్రశ్నలు వేశారు. ఇంక్రిమెంటు ఎందుకు ఆపకూడదో చెప్పమన్నారు. అంటే చదివేవాళ్లు ఉన్నారు. అడిగితే చదవరు, వద్దంటే చదువుతారు.

మృగశిర దాటిన ఆదివారం నేను బస్సెక్కి పెద్ద అంబర్‌పేట్ వెళ్లాను. సంజాయిషీ ఇంకా రాయలేదు. ముందు ఒకటి తెలుసుకోవాలి. విజయవాడ రోడ్డు పక్కన నర్సరీలన్నీ జనంతో నిండి ఉన్నాయి. అంట్లు కట్టేవాణ్ణి అడిగితే రెండో నర్సరీవాళ్లే చెయ్యి చూపించారు, నాలుగు గేట్ల అవతలకి. అక్కడ గేటు దగ్గర కరివేపాకు మొక్కలు సర్దుతూ ఆయన భార్య కనబడింది.

"ఏం సార్, ఫైలు యాడిదాంక నడిచింది?"

"ఆగిపోయింది."

"మంచిగైంది. ఈయన ఒచ్చేసరికి సేటు ఇంకొకాయనతోని మాట్లాడుతుండె. ఇంకొక్క దినం ఆలస్యమైతే మా బత్కు బజార్ల పడుతుండె." క్షమించినట్టూ లేదు, తిట్టినట్టూ లేదు. లోపలికి చూపించింది.

ఆయన మామిడి మొక్కల వరసల మధ్య వంగి ఉన్నాడు. పళ్ల మధ్య బ్లేడు, చేతిలో ప్లాస్టిక్ పట్టీ. కొమ్మ చివర ఏటవాలుగా కోసి, రెండు ముక్కలూ కలిపి చుట్టడం నేను చూసేలోపే అయిపోయింది. నన్ను చూశాడు. బ్లేడు తీయకుండానే తల ఊపాడు. ఏదో చెప్పాలని రెండడుగులు ముందుకు వేశాను. ఆ వరస చివర మొక్కలకు నీళ్లు ఆగిపోయాయి.

బ్లేడు చేతిలోకి తీసుకుని, "జర పక్కకు జరుగుండ్రి సార్" అన్నాడు. "పైపు మీద నిలవడ్డరు."